అమెరికా వాళ్ళు చదువుకి ఎక్కడికి పోయేవారు?

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక వరండా మెట్ల మీద చేరే గుంపు ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి తేలేది ఒక్కచోటనే, అమెరికాలో! ఎవరి అన్నయ్యకి వీసా వచ్చింది, ఎవరి బావకి రాలేదు, ఎన్ని లక్షల అప్పుకి ఎంత వడ్డీ, ఏ రాష్ట్రంలో చలి తక్కువ... ఇంతవరకూ జిల్లా దాటని మా బోటి వాళ్ళం కూడా అక్కడి ఊళ్ళ పేర్లు మేనత్తగారి ఊరి పేరు పలికినంత చనువుగా పలికేస్తుంటాం.

అలాంటి కబుర్ల మధ్యనే నాకొక తుంటరి సందేహం కలిగింది. అందరూ చదువుకి అమెరికా పోతున్నారు సరే, మరి ఆ అమెరికా వాళ్ళు చదువుకి ఎక్కడికి పోయేవారు? పుట్టుకతోనే వాళ్ళకి అన్ని యూనివర్సిటీలు లేవు గదా! ఈ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలో కొన్నాళ్ళూ, ఫోన్‌లో కొన్నాళ్ళూ తిరిగాను. నేను చరిత్ర విద్యార్థిని కాను. రసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం చదువుకుంటున్న రైతు బిడ్డని. అందుచేత ఈ వ్యాసంలో రాజులూ యుద్ధాలూ తక్కువై, గాజుసామానూ ఎరువులూ ఎక్కువైతే పాఠకులు మన్నించాలి.

అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1776లో. హార్వర్డు కాలేజీ అంతకు ముందే 1636లోనూ, యేల్ కాలేజీ 1701లోనూ పుట్టాయి. పేరుకి కాలేజీలే గాని, లాటినూ గ్రీకూ వల్లె వేయించడం, మతబోధకుల్నీ లాయర్లనీ తయారు చెయ్యడం వాటి ముఖ్యమైన పని. మంచి చిత్రాలు చూడాలన్నా, పెద్ద ఆస్పత్రిలో రోగుల్ని చూసి వైద్యం నేర్వాలన్నా, ప్రయోగశాలలో నిలబడి పని నేర్వాలన్నా ఓడెక్కవలసిందే. ఆ రోజుల్లో తెరచాప ఓడ మీద అట్లాంటిక్ దాటడానికి నెలకి అటూ ఇటూ పట్టేది. గాలి ఎదురు తిరిగితే ఇంకా ఎక్కువ.

ముందుగా మా సబ్జెక్టు వాడి సంగతి చెప్తాను. యేల్ కాలేజీలో రసాయన శాస్త్రం ప్రవేశపెట్టాలని ఆ కాలేజీ అధ్యక్షుడు టిమొతీ డ్వైట్‌కి కోరిక పుట్టింది. చెప్పేవాడు లేడు. అప్పుడాయన లా చదువుకుంటున్న బెంజమిన్ సిల్లిమన్ అనే కుర్రాణ్ణి పిలిచి, 1802లో ఆ ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చేశాడు. సిల్లిమన్ వయస్సప్పుడు 23. అతనికి కెమిస్ట్రీ రాదు! ముందు ఉద్యోగం, తర్వాత చదువు అన్నమాట. ఫిలడెల్ఫియాకి వెళ్ళి రెండు శీతాకాలాలు పాఠాలు విని వచ్చి 1804లో తన మొదటి ఉపన్యాసం చెప్పాడు.

ఆ తొలి రోజుల్లో జరిగిన ఒక తమాషా ఆయనే రాసుకున్నాడు. ప్రయోగాలకి రెటార్టులు కావాలి. దగ్గర్లో ఈస్ట్ హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక గాజు పనివాడున్నాడు. రెటార్టు అంటే ఏమిటో అతనెప్పుడూ చూడలేదు. నమూనా పంపిస్తే చేసి పెడతానన్నాడు. సిల్లిమన్ దగ్గరున్న రెటార్టు మెడ దగ్గర విరిగింది. రెండు ముక్కలూ కలిపి చూస్తే ఆకారం తెలుస్తుంది గదా అని అదే పెట్టెలో పెట్టి పంపాడు. కొన్నాళ్ళకి డజను ఆకుపచ్చ గాజు రెటార్టులు భద్రంగా వచ్చాయి. పెట్టె విప్పి చూస్తే పన్నెండింటికి పన్నెండూ సరిగ్గా అదే చోట మెడ విరిచి ఉన్నాయి!

మొదటిసారి చదివినప్పుడు పడీపడీ నవ్వాను. ఆ తర్వాత మా ప్రాక్టికల్ రికార్డులు గుర్తొచ్చి నవ్వు కాస్త తగ్గింది. సీనియర్ రికార్డులోని తప్పు అంకెతో సహా దింపేసే మేము ఆ గాజు పనివాణ్ణి వెక్కిరించగలమా?

సిల్లిమన్‌ని 1805లో కాలేజీ వారే పుస్తకాలూ పరికరాలూ కొనుక్కు రమ్మని యూరప్ పంపించారు. లండన్‌లో హంఫ్రీ డేవీ వంటి వారిని కలుసుకున్నాడు. ఎడింబరోలో ఒక శీతాకాలమంతా కూర్చుని కెమిస్ట్రీ పాఠాలు విన్నాడు. అప్పుడక్కడ భూమి పుట్టుక మీద రెండు వర్గాలు కత్తులు నూరుకుంటున్నాయి. రాళ్ళు నీళ్ళలోంచి పేరుకున్నాయని ఒకరూ, భూగర్భంలోని వేడిలోంచి వచ్చాయని ఒకరూ. కెమిస్ట్రీ కోసం వెళ్ళినవాడు ఆ తగాదా విని భూగర్భ శాస్త్రం కూడా తలకెక్కించుకుని 1806లో తిరిగొచ్చాడు. 1818లో అతను మొదలుపెట్టిన సైన్సు పత్రిక ఇప్పటికీ వెలువడుతోంది. ఒక మనిషి ఒక్క సంవత్సరం బయటికి వెళ్ళొచ్చిన ఫలితం అది.

ఇక బోస్టన్ వాడు జార్జి టిక్‌నర్. ఇతనూ లాయరే. ఒక ఏడాది ప్రాక్టీసు చేసి అది తనకి పడదని వదిలేశాడు. జర్మన్ యూనివర్సిటీల గురించి ఒక ఫ్రెంచి రచయిత్రి పుస్తకంలో చదివి, వెళ్తే అక్కడికే వెళ్ళాలని పట్టుబట్టాడు. వెళ్ళాలంటే జర్మన్ రావాలి. బోస్టన్ అంతా వెతికినా అతనికి కావలసిన జర్మన్ నిఘంటువు దొరకలేదు. పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లో ఒకటున్నదని తెలిసి అక్కడినుంచి తెప్పించుకున్నాడు. హార్వర్డు పక్కనే ఉన్న బోస్టన్‌లో ఇదీ పరిస్థితి! ఇంగ్లీషు మీడియంలో చేరిన మొదటి ఏడాది పక్కన నిఘంటువు పెట్టుకుని బోటనీ చదివిన నాకు ఈ భాగం దగ్గర కొంచెం సేపు ఆగాలనిపించింది.

టిక్‌నర్ తన మిత్రుడు ఎడ్వర్డ్ ఎవరెట్‌తో కలిసి 1815 ఏప్రిల్‌లో ఓడెక్కాడు. ఇంగ్లండు చేరేసరికి నెపోలియన్ ద్వీపాంతరవాసం నుంచి తప్పించుకుని మళ్ళీ ఫ్రాన్సు సింహాసనం మీద కూర్చున్నాడన్న వార్త ఎదురొచ్చింది. ఆ గొడవ సద్దుమణిగాక ఆగస్టులో జర్మనీలోని గోటింగెన్ చేరారు. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో రెండు లక్షలకి పైగా పుస్తకాలు! హార్వర్డులో అప్పటికి 20 వేల దాకా ఉండేవి. మన లైబ్రరీ ఒక అలమారెడు పుస్తకాలనిపిస్తోందని అతను ఒక ఉత్తరంలో ఇంటి వైపు వాళ్ళకి రాశాడు. ఆ మాట రాయడానికి ఎంత సిగ్గుపడి ఉంటాడో, ఎంత ఉత్సాహపడి ఉంటాడో! రెండూ కలిసే వస్తాయి. ఊరి హైస్కూలు నుంచి యూనివర్సిటీ కాలేజీకి వచ్చినవాళ్ళందరికీ అది తెలిసినదే.

ఎవరెట్ 1817లో గోటింగెన్‌లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి అమెరికన్ అతనే. (1863లో గెటిస్‌బర్గ్‌లో రెండు గంటలు ఉపన్యసించిన మహావక్త కూడా ఇతనే. అతని తర్వాత లేచి రెండు నిమిషాలు మాట్లాడిన లింకన్ మాటలే అందరికీ గుర్తున్నాయి. మన యూనియన్ ఎన్నికల ఉపన్యాసకులు గమనించాలి!) వీరి వెనకనే జోసెఫ్ కాగ్స్‌వెల్, జార్జి బాంక్రాఫ్ట్ వెళ్ళారు. ఒకరు లైబ్రరీ కట్టారు, ఒకరు దేశచరిత్ర రాశారు. వీళ్ళంతా గొప్పవాళ్ళే, కాదనను. కాని టిక్‌నర్‌కి తండ్రి డబ్బుంది, బాంక్రాఫ్ట్‌ని హార్వర్డు వారు పంపించారు. ఆ సంగతి కూడా పక్కన రాసుకోవాలి.

చదువంటే పుస్తకాలే కానక్కర్లేదు. పెన్సిల్వేనియాలో పుట్టిన బెంజమిన్ వెస్ట్ చిత్రకళ నేర్వడానికి 1760లో రోముకి వెళ్ళాడు, 1763లో లండన్ చేరాడు, అక్కడే ఉండిపోయాడు. రాజుగారి చిత్రకళా అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. తన వెనక వచ్చిన అమెరికన్ కుర్రాళ్ళకి పాఠాలు చెప్పాడు గాని స్వదేశం మొహం మళ్ళీ చూడలేదు. శామ్యూల్ మోర్స్ మరో చిత్రకారుడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో గోడలకున్న మహాచిత్రాలన్నీ ఒకే తెర మీద కాపీ చేసి, అవి చూడలేని స్వదేశీయులకి చూపించాలని పెద్ద బొమ్మ మొదలెట్టాడు. 1832లో తిరుగు ప్రయాణంలో ఓడ మీద తోటి ప్రయాణికులు విద్యుదయస్కాంతం గురించి మాట్లాడుకుంటుంటే విని టెలిగ్రాఫ్ ఆలోచన చేశాడు. బొమ్మల కోసం పోయినవాడు తీగ కబురు తెచ్చాడు!

వీళ్ళలో నా మనసుకి బాగా పట్టినవాడు చార్లెస్ సమ్నర్. 1838లో పారిస్‌లో ఒక ఉపన్యాసం వింటూ కూర్చున్నాడు. ఆ తరగతిలో ఇద్దరు ముగ్గురు నల్లజాతి విద్యార్థులు మిగతావాళ్ళతో పాటు సమానంగా కూర్చున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరూ వాళ్ళని వింతగా చూడడం లేదు. అయితే మా దేశంలో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ఉన్న దూరం పుట్టుకతో వచ్చింది కాదు, మేము నేర్పుకున్నది అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాడు. ఆ ఉపన్యాసం దేని మీదో ఇప్పుడెవరికి కావాలి? సమ్నర్ తర్వాత సెనేటరై బానిసత్వం మీద నిప్పులు చెరిగాడు. 1856లో సెనేటు భవనంలోనే ఒక దక్షిణాది సభ్యుడు చేతికర్రతో అతన్ని స్పృహ తప్పేదాకా కొట్టాడు. కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. తరగతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా ఒక పాఠమే.

ఆడపిల్లలకి ఈ దారి ఇంత సులువుగా లేదు. ఎలిజబెత్ బ్లాక్‌వెల్ 1849లో న్యూయార్క్ రాష్ట్రంలో డాక్టరు పట్టా పుచ్చుకుని పారిస్ వెళ్తే, ఆ పట్టాని అక్కడ ఎవరూ లెక్క చెయ్యలేదు. ప్రసూతి ఆస్పత్రిలో మంత్రసాని పని నేర్చుకునే పిల్లల్లో ఒకతెగా చేరితే చేరమన్నారు. చేరింది. ఒక పసిబిడ్డ కళ్ళు శుభ్రం చేస్తుండగా ఆ జబ్బు నీళ్ళు తన కంట్లో చింది, ఒక కన్ను పోయింది. శస్త్రచికిత్స చెయ్యాలన్న కోరిక దానితోనే పోయింది. తిరిగొచ్చి 1857లో న్యూయార్క్‌లో పేద స్త్రీల కోసం ఆస్పత్రి తెరిచింది.

ఇంతవరకూ చెప్పినవాళ్ళని చరిత్ర వాళ్ళు నాకంటే బాగా చెప్పగలరు. నేను అసలు కలం పట్టింది మరొకాయన కోసం. ఆయన పేరు ఈవన్ ప్యూ.

ఈవన్ ప్యూ 1828లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. తండ్రి రైతు, కమ్మరం కూడా చేసేవాడు. కొడుక్కి 12 ఏళ్ళప్పుడు తండ్రి పోయాడు. కుర్రాణ్ణి కమ్మరి కొలిమిలో అప్రెంటిసుగా పెట్టారు. 19వ ఏట, మిగిలిన కాలానికి డబ్బు కట్టి, ఆ ఒప్పందంలోంచి బయటపడ్డాడు. తన పనితో ఫీజు కట్టుకునే బడిలో చదివాడు. వారసత్వంగా వచ్చిన కొద్దిపాటి ఆస్తీ, దానితోపాటు వచ్చిన చిన్న బడీ రెండేళ్ళు నడిపాడు. 1853లో ఆ ఆస్తి వదిలించుకుని, రసాయన శాస్త్రం చదవడానికి జర్మనీకి ఓడెక్కాడు. టిక్‌నర్‌కి తండ్రి డబ్బుంటే ఇతనికి తండ్రి వదిలిన నేల ఉంది. అది అమ్ముకుని చదివాడు.

లైప్‌జిగ్‌లో కొన్నాళ్ళు, తర్వాత గోటింగెన్‌లో వోలర్ దగ్గర. వోలర్ అంటే మనకి ఫస్టియర్‌లోనే పరిచయం. ప్రయోగశాలలో యూరియా తయారు చేసి చూపించినవాడు. 1856లో ప్యూ డాక్టరేటు అయ్యింది. తర్వాత హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ దగ్గర పని. మన బర్నరు బున్సెనే! అక్కడినుంచి 1857లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌కి వెళ్ళాడు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు ఫ్యాక్టరీ పెట్టిన జాన్ లాస్ అనే భూస్వామీ, గిల్బర్ట్ అనే కెమిస్టూ కలిసి అక్కడ సొంత పొలంలో ఎరువుల మీద ప్రయోగాలు చేస్తున్నారు. 1843లో వాళ్ళు మొదలుపెట్టిన గోధుమ మడి ప్రయోగం నేటికీ నడుస్తోంది. అంటే తాతల నాటి చేలో మునిమనవల దాకా అదే పైరు, అదే లెక్క!

అప్పట్లో శాస్త్రజ్ఞుల మధ్య ఒక పెద్ద పేచీ. గాలిలో నత్రజని నూటికి 78 పాళ్ళుంది. మొక్క దాన్ని నేరుగా తీసుకోగలదా, లేదా? ఫ్రాన్సులో బూసింగో లేదన్నాడు, విల్ అవునన్నాడు. దీన్ని తేల్చే పని ప్యూ తలకెత్తుకున్నాడు. మట్టిని ఎర్రగా కాల్చి, అందులో నత్రజని అన్నది లేకుండా చేశాడు. గాజు గుమ్మటాల కింద గోధుమ, బార్లీ వంటివీ చిక్కుడు జాతివీ పెంచాడు. లోపలికి పోయే గాలిని ఆమ్లంలోంచి పంపించి అమ్మోనియా వాసన కూడా తగలకుండా కడిగాడు. గింజలో ఎంత నత్రజని ఉంది, మొక్క ఎదిగాక ఎంత ఉంది అని తూచాడు. ఒక్క రవ్వ కూడా గాలిలోంచి రాలేదు. లాస్, గిల్బర్ట్, ప్యూ ముగ్గురి పేరుతో 1861లో అచ్చయిన ఆ వ్యాసం చాలాకాలం ఆఖరి తీర్పుగా నిలబడింది.

మరి అపరాలు వేస్తే నేలకి బలం వస్తుందని తరతరాలుగా రైతులు చెప్పేది అబద్ధమా?

మాది కృష్ణా కాలువ కింద మాగాణి. వరి కోతకి ముందే చేలో మినుములు చల్లుతాం. కోసేసరికి మొలకలు లేచి ఉంటాయి. మొన్న సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక మినప మొక్కని వేళ్ళతో సహా జాగ్రత్తగా పెరికి, వేరు బుడిపెని గోటితో చీల్చి నాన్నకి చూపించాను. లోపల లేత గులాబి రంగు. ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తాయని 1886లో హెల్‌రీగల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బయటపెట్టాడని చెప్పాను. అంతకు ముందు ప్యూ చేసిన ప్రయోగమూ చెప్పాను. అంత శ్రద్ధగా చేసినా అది ఆయనకి ఎందుకు కనపడలేదో నాన్నే చెప్తాడేమోనని ఆగాను.

నాన్న ఏడో తరగతి చదివాడు. చేతిలో మొక్కని అటూ ఇటూ తిప్పి, "మట్టిని కాల్చేశాడంటన్నావు గదరా, కాల్చిన మట్టిలో ఏం బతుకుద్దీ?" అన్నాడు.

అంతే! గిల్బర్ట్ వంటి వారికి పాతికేళ్ళు పట్టిన సంగతి. ప్యూ తూకంలో రవ్వంత తేడా లేదు. నత్రజనిని వెళ్ళగొట్టడానికి పెట్టిన మంటలో ఆ సూక్ష్మజీవులూ పోయాయి. మొక్క తనంతట తాను నత్రజనిని పట్టలేదన్నది నేటికీ నిజమే. పట్టేవాళ్ళు పక్కన ఉండాలి, అంతే తేడా. ఆ తర్వాత రోథమ్‌స్టెడ్ వాళ్ళే కాల్చని మట్టి కలిపిన నీళ్ళు పోసి మళ్ళీ చేసి చూసి, హెల్‌రీగల్ చెప్పిందే రైటని ఒప్పుకున్నారు.

నాన్న మరో ప్రశ్న వేశాడు. "ఇంతకీ అతను తిరిగొచ్చాడా, అక్కడే ఉండిపోయాడా?"

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. నేను పైచదువుకి అమెరికా వెళ్తానంటే అరెకరం బేరం పెడతానని నాన్న దసరా నుంచీ అంటున్నాడు. అమ్మేమో ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి పోతుంది.

తిరిగొచ్చాడు. పెన్సిల్వేనియాలో రైతు పిల్లల కోసం ఒక కాలేజీ పెట్టారు. కాలేజీ అంటే రైతులు బెదిరిపోతారని దానికి "రైతుల హైస్కూలు" అని పేరు పెట్టారు. పిల్లాడు కాలేజీకెళ్తే మళ్ళీ నాగలి పట్టడన్న భయం అక్కడా ఉన్నదన్నమాట! 1859 ఫిబ్రవరిలో సగం కట్టిన భవనంలో 69 మంది విద్యార్థులతో అది మొదలైంది. ఎంత చదివినా ప్రతివాడూ రోజుకి మూడు గంటలు పొలం పని చెయ్యాలన్నది నియమం. దానికి మొదటి అధ్యక్షుడుగా రమ్మని ప్యూని ఇంగ్లండులో ఉండగానే అడిగారు. బున్సెన్ దగ్గరా, లాస్ దగ్గరా పని చేసినవాడు ఎక్కడైనా బతకగలడు. ఆ ఏడు అక్టోబరుకల్లా వచ్చి, ఆ సగం భవనంలో కాపురం పెట్టాడు. కెమిస్ట్రీ పాఠాలు తనే చెప్పేవాడు, ప్రయోగశాల తనే అమర్చాడు, డబ్బు కోసం శాసనసభ చుట్టూ తనే తిరిగాడు.

1862లో లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. పార్లమెంటులో ఒక్కొక్క సభ్యుడికి 30 వేల ఎకరాల చొప్పున ప్రతి రాష్ట్రానికీ సర్కారు భూమి ఇస్తారు. అది అమ్మిన సొమ్ముతో వ్యవసాయమూ, యంత్రవిద్యా నేర్పే కాలేజీలు నడపాలి. పెన్సిల్వేనియా వాటాకి 7 లక్షల 80 వేల ఎకరాలొచ్చాయి. ఈ సొమ్ము తన కాలేజీకి దక్కాలని ప్యూ పట్టుబట్టి సాధించాడు. ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ సర్కారు భూమి ఎవరిది? చాలావరకు అక్కడి ఆదివాసుల నుంచి ఒడంబడికల పేరుతోనో, బలవంతంగానో లాక్కున్నదే. ప్యూ తన చదువుకి తన నేల అమ్ముకున్నాడు. అతని దేశం తన పిల్లల చదువుకి ఎవరి నేలో అమ్మింది. ఆ కాలేజీల మేలు చెప్పేటప్పుడు ఈ మాట మింగెయ్యడం నాకు సబబుగా తోచదు.

1864 ఫిబ్రవరిలో ప్యూ పెళ్ళి చేసుకున్నాడు. ఏప్రిల్‌లో టైఫాయిడ్ వచ్చి పోయాడు. 36 ఏళ్ళు. తిరిగొచ్చి పనిచేసింది అయిదేళ్ళు కూడా లేదు. హెల్‌రీగల్ ప్రయోగం సంగతి వినడానికి ఆయన బతికిలేడు. ఆ "రైతుల హైస్కూలే" ఇవాళ పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ.

నాన్నతో ఇదంతా చెప్తే చివరిదాకా విని, "పాపం, పెళ్ళైన రెండు నెలలకా?" అన్నాడు. మిగతాదేదీ పట్టించుకున్నట్టు లేదు.

ప్యూతో పాటే లైప్‌జిగ్‌లో చదివిన మరో పల్లెటూరి కుర్రాడు శామ్యూల్ జాన్సన్. జర్మనీలో ప్రభుత్వ సాయంతో రైతుల కోసం నడిచే పరిశోధన కేంద్రం చూసి, ఇటువంటిది మాకూ కావాలని ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళు పోరాడాడు. ఈలోగా అతను చేసిన పని మన రైతులకి బాగా అర్థమవుతుంది. బజారులో అమ్మే ఎరువుల బస్తాలు తెచ్చి, ప్రయోగశాలలో పరీక్షించి, ఏది సరుకో ఏది మోసమో పేర్లతో సహా అచ్చు వేయించాడు! చివరికి 1875లో కనెక్టికట్‌లో వ్యవసాయ ప్రయోగ కేంద్రం వచ్చింది. అమెరికాలో ఒక రాష్ట్రం పెట్టిన మొదటి కేంద్రం అదే. జర్మనీలో నేర్చిన కెమిస్ట్రీకి మరీ పెద్ద పేరొచ్చే పనులు ఎన్నో ఉండగా, కల్తీ ఎరువు పట్టుకోవడం చిన్న పనిగా ఎవరికైనా తోస్తే వాళ్ళు ఎప్పుడూ నకిలీ బస్తా కొనలేదన్నమాట.

ఆ కాలేజీల గాలి మన దాకా కూడా వచ్చింది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, దాన్ని నిలబెట్టడంలో తోడ్పడినది అదే చట్టం కింద లేచిన కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. అక్కడి ప్రొఫెసర్లు ఇక్కడికి వచ్చారు, ఇక్కడివాళ్ళు అక్కడికి చదువుకి వెళ్ళారు. 1982లో మార్టేరు కేంద్రం నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల కేంద్రం నుంచి సాంబ మసూరి వచ్చింది ఈ విశ్వవిద్యాలయం కిందనే. అవి మన శాస్త్రజ్ఞులు మన నేలలో తీసిన వంగడాలు. తాతయ్య స్వర్ణ వేశాడు, నాన్న 5204 వేశాడు. గోటింగెన్ పేరు మా ఊళ్ళో ఎవరూ వినలేదు, వినవలసిన అవసరమూ లేదు.

మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. ఎడింబరోకి, గోటింగెన్‌కి, పారిస్‌కి పోయేవారు. కొందరు ఉండిపోయారు, చాలామంది తిరిగొచ్చారు. 1876లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ జర్మన్ పద్ధతిలో మొదలయ్యాక ఓడెక్కవలసిన అవసరం మెల్లగా తగ్గుతూ వచ్చింది. వెళ్ళినవాళ్ళు వచ్చి కట్టబట్టే తర్వాతివాళ్ళు వెళ్ళక్కర్లేకపోయింది. అయితే అందరూ ప్యూలా రావాలని నేను అనను. వచ్చినవాడికి పని చూపించే సగం భవనమైనా ఒకటి ఇక్కడ ఉండాలి. మా సీనియర్ ఒకాయన మట్టి పరీక్షల మీద ఎమ్మెస్సీ చేసి, మూడేళ్ళు ఉద్యోగం కోసం చూసి, ఇప్పుడు పట్నంలో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాడు. ఆయన్ని దేశభక్తి లేదని అనగలనా?

మా అరెకరం సంగతి ఇంకా తేలలేదు. నాన్న బేరం పెట్టలేదు, నేను వద్దనీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. ప్రస్తుతానికి అందులో మినుము పూత మీద ఉంది.